పెంచలకోన, యానాదుల ఆట: టికెట్ ఎంత అని అడిగారు కదా

మీరు అడిగింది ఇదీ. మే నెల సెలవుల్లో హైదరాబాదు నుంచి మీరు, బెంగళూరు నుంచి మీ ఆడపడుచు వాళ్లు నెల్లూరు వస్తున్నారు. పెంచలకోన నరసింహస్వామి గుడి చూసి, ఆ దగ్గర్లో గిరిజన గూడెం ఒకటి చూసి, వాళ్ల సంప్రదాయ నృత్యం కూడా చూడాలని ఉంది. టికెట్ ఎంత, ఎన్ని గంటలకు మొదలవుతుంది, పిల్లలకు పంచడానికి చాక్లెట్లు, పాత బట్టలు తేవచ్చా, పన్నెండేళ్ల బాబుకు బోర్ కొడుతుందా?

టికెట్ లేదమ్మా. మొదలయ్యే టైమూ లేదు. కానీ చూడ్డానికి వీలు మాత్రం ఉంది. అది ఎట్లాగో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి, ఓపిగ్గా చదవండి.

నేను పెంచలకోన దగ్గర రాపూరు వైపు ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సుగా, 1992లో చేరి, 26 ఏళ్లు అక్కడక్కడే తిరిగి రిటైరయ్యాను. నా సబ్‌సెంటర్ కింద ఉన్న ఊళ్లలో నాలుగు యానాది కాలనీలు ఉండేవి. యానాదులంటే మా జిల్లా గిరిజనులు. మీరు గూడెం అని రాశారు గానీ మా వైపు ఎక్కువగా ఎస్టీ కాలనీ అనే అంటారు. ఇంకో మాట, 'యానాది' అనే పేరును మా జిల్లాలో తిట్టుగా వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మాసిన బట్టలేసుకున్న పిల్లాణ్ని "ఏందిరా యానాదోడిలా" అని ఇంట్లోనే అంటారు. మీ ఇంట్లో కూడా అలవాటుంటే బయలుదేరే ముందే మానేయండి, ఎందుకంటే పిల్లలు సరిగ్గా అక్కడికెళ్లాకే ఆ మాట వదులుతారు. ఆ పేరు 'అనాది' నుంచి వచ్చిందని పెద్దలు చెప్తారు. ఎప్పటి నుంచో తెలియనంత పాతవాళ్లు అని అర్థం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యానాదులు 5 లక్షలు దాటారు, అందులో ఎక్కువమంది మా నెల్లూరు జిల్లాలోనే. వాళ్ల కోసమే నెల్లూరులో ఐటీడీఏ, అంటే గిరిజనుల అభివృద్ధి సంస్థ, ఆఫీసు కూడా పెట్టారు.

పెంచలకోన సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే చాలామంది గుడి వేరు, గిరిజనులు వేరు అనుకుని వస్తారు. గుడి పొద్దున, కాలనీ సాయంత్రం అని ప్లాన్ వేసుకుంటారు. అక్కడే తప్పు. ఆ కోన కథే అడవి పిల్ల కథ. హిరణ్యకశిపుణ్ని చంపిన ఉగ్రంతో నరసింహస్వామి ఈ అడవుల్లో తిరుగుతుంటే చెంచుల పిల్ల ఒకతె కనపడింది, ఆమెను చూసి ఆయన చల్లబడ్డాడు, పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరూ పెనవేసుకుని శిల అయ్యారు కాబట్టి పెనుశిల, అదే నోట్లో నలిగి పెంచలకోన అయింది. సంగతి తెలిసిన ఆదిలక్ష్మి అమ్మవారు అలిగి ఏరు దాటి అవతలికి పోయి కూర్చుంది. అందుకే ఆమె గుడి విడిగా, కొంత దూరంలో ఉంటుంది. స్వామిని చూసి వెనక్కి తిరిగి వచ్చేయకుండా ఆ తల్లి దగ్గరికి కూడా నడవండి. మా అమ్మ ఎప్పుడూ పెద్దామె దగ్గర ఎక్కువసేపు కూర్చునేది. "పాపం, ఆమెకు మాత్రం ఎవరున్నారు" అనేది.

ఈ స్వామి పేరు మా జిల్లాలో ఎంతగా పాకిందంటే, నా టీకాల రిజిస్టరు చూస్తే మీకు నవ్వొస్తుంది. ఒక్క కాలనీలో పెంచలయ్యలు ఏడుగురు, వాళ్లలో ముగ్గురి తండ్రుల పేర్లు కూడా పెంచలయ్యే. పెంచలమ్మలు, చెంచమ్మలు, చెంచయ్యలు వేరే. కొత్తగా వచ్చిన డాక్టరుగారు ఒకాయన "ఇదంతా దొంగ ఎంట్రీనా?" అని అడిగారు. కాదు సార్, కోన దగ్గరుంది అన్నాను. చివరికి 'బావి కాడ పెంచలయ్య', 'మేకల పెంచలయ్య' అని పెన్సిల్‌తో రాసుకున్నాను.

యానాదులకు స్వామి ఎంతో, చెంచులక్ష్మి అంతకన్నా ఎక్కువ. నల్లమల చెంచులు, మా యానాదులు రికార్డుల్లో వేరువేరు తెగలే. అయినా మా కాలనీ పెద్దాయన ఒకడు నాతో అన్నమాట చెప్తాను. గుడి ముందు అంత తొక్కిసలాటలో క్యూలో నిలబడకుండా దూరంగా చింతచెట్టు కింద కూర్చునున్నాడు. దర్శనం చేసుకోవా తాతా అంటే, "మా ఆడబిడ్డను ఇచ్చిన ఇల్లు నర్సమ్మా. అల్లుడి ఇంటికి పోయినోళ్లు జనం తగ్గినాక లోపలికి పోతారు గానీ, ఎగబడతారా?" అన్నాడు. పెంచలకోనను వాళ్ల కంటితో చూడాలంటే ఆ ఒక్క మాట చాలు.

ఇక ఆట. నేను మొదటిసారి యానాదుల ఆట చూసింది చాలా చెడ్డగా చూశాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏడో నాలుగో ఏడో. బయటి నుంచి పెద్దవాళ్లు ఎవరో రెండు కార్లలో వస్తున్నారు, గిరిజన నృత్యం చూపించాలి, మీకు వాళ్లతో పరిచయం కదా, మీరే ఏర్పాటు చేయండి అని నాకు కబురు. కాదనే ధైర్యం అప్పుడు లేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు నాట్లు వేసే ఆడవాళ్లను మడిలోంచి పిలుచుకొచ్చాను. కాళ్లకు మోకాళ్ల దాకా బురద, కడుక్కోవడానికి కూడా టైమివ్వలేదు. పలక వాయించే ఆయన పలక తెచ్చాడు. డప్పును మా వైపు పలక అంటారు. దాన్ని ముందు మంట దగ్గర పెట్టి కాచాలి, అప్పుడే తోలు బిగుస్తుంది. ఆ రోజు కాచుకోవడానికి కూడా ఆగలేదు, కార్లు వచ్చేశాయి. కొడితే బొద బొద అని తడి గోనె మీద కొట్టినట్టు మోగింది. ఆడవాళ్లు తలలు దించుకుని నాలుగు చుట్లు తిరిగారు. ఐదు నిమిషాలు. చప్పట్లు, ఫొటోలు, తలా ఒక బిస్కెట్ పొట్లం. కార్లు వెళ్లాక ఒక పెద్దామె చేతిలో పొట్లం అట్లాగే పట్టుకుని నన్ను అడిగింది: "ఎవురు చచ్చినారు నర్సమ్మా, మిట్టమధ్యానం పలక కొట్టమన్నారు?"

నాకు ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే మొహం వేడెక్కుతుంది. ఆ తర్వాత చాలా ఏళ్లు నా ముందు ఎవరూ ఆడలేదు. నేనూ అడగలేదు.

అసలు ఆట చూసింది మళ్లీ ఆరేడేళ్లకు, పెంచలకోనలోనే, బ్రహ్మోత్సవాలప్పుడు. వైశాఖ మాసంలో, నరసింహ జయంతికి అటూ ఇటూగా జరుగుతాయి. వైశాఖ శుద్ధ చతుర్దశి జయంతి. ఇంగ్లీషు క్యాలెండర్లో ఎక్కువగా మే నెలలో పడుతుంది, కాబట్టి మీ సెలవులకు సరిపోవచ్చు. పంచాంగం చూసుకుని, దేవస్థానం వాళ్లకు ఒక ఫోన్ చేసి తేదీలు ఖాయం చేసుకోండి. నాకు ఆ రోజుల్లో అక్కడ మెడికల్ క్యాంపు డ్యూటీ. వడదెబ్బలు, వాంతులు, కాళ్ల పుండ్లు, ఇవే పని. గరుడ సేవ ముగిసి, స్వామి లోపలికి వెళ్లాక, రాత్రి పదకొండు దాటింది. క్యాంపు టేబుల్ సర్దుకుంటుంటే చెట్ల కిందినుంచి పలక మోత వినపడింది. ఈసారి బొద బొద కాదు. ఠంగుమని, కొండకు తగిలి వెనక్కి వచ్చేట్టుగా.

వెళ్లి చూశాను. రెండు మూడు కాలనీల జనం సంసారాలతో సహా దిగున్నారు. గంజి కుండలు, నిద్రపోతున్న పిల్లలు, ఒక కుక్క. ఎండుగడ్డి మంట వేసి పలకను దానికి ఎదురుగా పట్టుకున్నాడు ఒక కుర్రాడు. కాస్సేపు కాచడం, వేలితో తట్టి వినడం, మళ్లీ కాచడం. ఎవరికీ తొందర లేదు. పెద్దామె ఒకతె కూర్చున్న చోటు నుంచే పాట ఎత్తుకుంది. లేచి నిలబడింది చాలా సేపటికి. ఆడవాళ్లు ఒకరి నడుము ఒకరు పట్టుకుని అర్ధచంద్రంలా నిలబడ్డారు. రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి, వెనక్కి వేసిన కాలి మడమ నేలకు ఒక్కసారి కొట్టడం. చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది. పది నిమిషాలు గడిస్తే ఆ మడమ దెబ్బ మన గుండెల్లో పడడం మొదలవుతుంది. మగవాళ్లు ఎదురు వరసలో. మధ్యలో ఒకడు ఉన్నట్టుండి నేల మీద బోర్లా పడుకుని చెవి ఆనించాడు. ఎలుక బొరియలో అలికిడి వింటున్నట్టు. బొరియలోకి పొగ పెట్టి ఎలుకలు పట్టడం వాళ్ల పని కదా, ఇంకొకడు లేని కుండను పట్టుకుని బుగ్గలు ఉబ్బించి పొగ ఊదాడు. మూడోవాడు ఎలుక. వాడు బయటికొచ్చి ఏ ఆడమనిషి చీర చాటుకు దూరతాడా అని అందరూ ఒకటే నవ్వు.

పాటలో సంగతి చెంచులక్ష్మిదే. కానీ హరికథల్లో వినే భక్తి కాదది. పిల్ల తరఫు వాళ్లు పెళ్లికొడుకును ఆటపట్టించడం. ఇంత గోళ్లేసుకుని ఇంటికొస్తే పిల్లనెవరిస్తారయ్యా, చెట్టెక్కి తేనె పట్టగలవా, గడ్డలు తవ్వగలవా, ఎలుక బొరియ ఎక్కడుందో చూపగలవా, ఇట్లా. స్వామికి ఒక్కటీ చేతకాదు. ప్రతి చరణం చివర అందరూ కలిసి వెక్కిరింపుగా ఒక కూత. లోపల పట్టువస్త్రాల్లో దండలేసుకుని నిలబడ్డ స్వామికి బయట చెట్టు కింద అత్తగారింటి మర్యాద ఇదీ. నేను రెండింటి దాకా కూర్చున్నాను. ఎవరూ నన్ను చూసి ఆపలేదు. ఒకామె తమలపాకు వక్క చేతిలో పెట్టి, పక్కన చాప జరిపింది, అంతే.

కాబట్టి మీకు నేను చెప్పే దారి ఇదే. కాలనీకి పోయి ఆట అడక్కండి. ఉత్సవాల రాత్రి కోనలో ఉండండి. ప్రతి రాత్రీ ఆడతారని మాటివ్వలేను. వానొచ్చినా, వాళ్లలో ఎవరైనా పోయి అంటుగా ఉన్నా, కూలి పనుల వల్ల జనం రాకపోయినా ఏమీ ఉండదు. ఆట దొరక్కపోతే స్వామి ఊరేగింపు ఉంది, కొండగాలి ఉంది, పిల్లాడు ఆరుబయట పడుకున్నట్టు ఉంటుంది. ఆ లెక్కతో రండి.

కుదిరి చూస్తే, దూరంగా మొదలుపెట్టి నెమ్మదిగా దగ్గరికి జరగండి. ముందు వరసలో పోయి నిలబడొద్దు, అది వాళ్ల పిల్లల చోటు. చెప్పులు వలయం బయట విడవండి. మీ ఆడపడుచును లాగి "మీరూ రండి" అంటే పోనివ్వండి, మొహమాటపడొద్దు. పిలవకుండా దూరొద్దు. నడుం పట్టుకునే వరసలో మగవాళ్లు పోయి కలవకూడదు, ఇది ఖచ్చితం. ఒకసారి పట్నం కుర్రాడొకడు సరదాగా దూరి, పెద్ద గొడవై, ఆ రాత్రికి పలక మూలపడింది.

ఫొటోలు. ఈ విషయంలో నేను కొంచెం కఠినంగా ఉంటాను, ఏమనుకోకండి. 2012లో అండమాన్ దీవుల్లోని జారవా తెగవాళ్ల వీడియో ఒకటి బయటికొచ్చింది, గుర్తుందేమో. టూరిస్టుల ముందు తిండి కోసం ఆడవాళ్లను డాన్స్ చేయించారు. దేశమంతా గొడవయింది. అది ఎక్కడో దీవుల్లో కదా అనుకుంటాం. మిట్టమధ్యాహ్నం నేను చేసింది మాత్రం దానికి ఎంత దూరం? బిస్కెట్ పొట్లమే కదా తేడా. అందుకని ముందు చూడండి, తర్వాత అడగండి, సరే అంటేనే తీయండి. పిల్లలకు పాలిస్తున్న తల్లులు, నిద్రపోతున్న ముసలివాళ్లు, ఒంటి మీద బట్టలేని చంటిపిల్లలు, వీళ్లను అడిగి కూడా తీయొద్దు. తీసింది వాళ్లకు చూపించండి, దానికే చాలా సంతోషిస్తారు. ఈమధ్య కుర్రాళ్ల దగ్గర స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి కాబట్టి "నాకూ పంపండి అన్నా" అని నంబరు ఇస్తారు. ఇస్తే మర్చిపోకుండా పంపండి. పంపుతామని పంపనివాళ్ల గురించి నా దగ్గర ఎన్ని ఫిర్యాదులో.

చాక్లెట్లు, పాత బట్టలు వద్దు. పాత బట్టలు ఎందుకు వద్దంటే, బెంగళూరు నుంచి వచ్చే మూటల్లో సగం చినిగిన జీన్సులు, పార్టీ గౌన్లు. నాట్లేసే పిల్ల అది ఏం చేసుకుంటుంది? కాలనీ బయట కంపల మీద వేలాడుతుంటాయి. పిల్లలకు చాక్లెట్లు ఒకసారి పంచితే, తర్వాత ఏ కారు వచ్చినా చేతులు చాస్తూ పరిగెత్తడం నేర్చుకుంటారు. అదేదో మనం నేర్పిన విద్యే. ఇవ్వాలనుంటే ఆట అయిపోయాక, వాళ్లలో పెద్దాయనకో పాట ఎత్తుకున్న పెద్దామెకో అందరి ముందూ ఒకటే మొత్తం ఇవ్వండి. ఎంతంటే, ఆడినవాళ్లు ఎంతమందో చూసుకుని, తలా ఒక రోజు కూలికి తగ్గకుండా. మన పెళ్లిళ్లలో సన్నాయి మేళానికి బేరం లేకుండా ఇస్తాం కదా, అట్లా. మందు మాత్రం కొనివ్వొద్దు. 'సరదాగా ఒక క్వార్టర్' అని ఇచ్చి వెళ్లిపోయినవాళ్ల తర్వాత ఆ రాత్రి దెబ్బలకు కుట్లేసింది నేను.

కాలనీ కూడా చూడాలని ఉందన్నారు. ఇళ్లు చూడ్డానికైతే వద్దు. తాటాకు గుడిసెలు దాదాపు పోయాయి, ప్రభుత్వం కట్టిచ్చిన సిమెంటు ఇళ్లే ఎక్కువ, సగం ఇళ్లకు కప్పు కారుతుంటుంది, అవి చూసి మీరు చేసేదేముంది? అయితే మీ బాబు కోసం ఒక సంగతి చెప్తాను. మే నెలలో కాకుండా ఎప్పుడైనా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తే, వరికోతల టైము. మా జిల్లాలో పెద్ద పంట అప్పుడే చేతికొస్తుంది. ఎలుకలు పట్టడానికి రైతులే యానాదులను పిలుస్తారు. అది చూస్తే మీ వాడు సెల్‌ఫోను మర్చిపోతాడు.

చిన్న మట్టికుండ, అడుగున చిల్లు. లోపల ఎండుగడ్డి, పిడకల ముక్కలు కుక్కి నిప్పు పెడతారు. గట్టు చుట్టూ నడిచి బొరియలన్నీ చూసుకుని, ఒక్కటి తప్ప మిగతావన్నీ మట్టితో మూసేస్తారు. తెరిచున్న బొరియకు కుండ మూతిని ఆనించి, అడుగు చిల్లులోంచి నోటితో ఊదుతారు. పొగంతా లోపలికి పోతుంది. ఊదేవాడి కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా అయిపోతాయి. కాసేపటికి పక్కవాడు గడ్డపారతో తవ్వుతాడు. ఎక్కడ తవ్వాలో వాడికెట్లా తెలుస్తుందో నాకు 26 ఏళ్లలో అర్థం కాలేదు. లోపల ఎలుకలు దాచుకున్న వడ్లు, కంకులు కంకులుగా, ఒక్కో బొరియలో చేటెడు ఉంటాయి. ఆ వడ్లు తవ్వినవాళ్లవే. రైతు అడగడు. చేలో చూడ్డానికి రైతు అనుమతి, ఎలుకలు పట్టేవాళ్ల అనుమతి, రెండూ కావాలి. తెలిసినవాళ్లు ఎవరూ లేకపోతే ఊళ్లో బడి పంతులుగారినో అంగన్‌వాడీ టీచరునో ముందు కలవండి. నేరుగా కారు కాలనీలో ఆపొద్దు, తెలియని కారు వస్తే ఏ పోలీసో అప్పులవాడో అని మగవాళ్లు వెనక నుంచి వెళ్లిపోతారు. బ్రిటిషువాళ్లు నేరస్త తెగ అని ముద్ర వేసిన జాతి అది. ఆ చట్టం 1952లో పోయింది, భయం ఇంకా పూర్తిగా పోలేదు.

మీ ఆడపడుచు వాళ్లు శ్రీహరికోట కూడా చూడాలంటున్నారని చివర్లో రాశారు. అది వేరే ప్రయాణం, సూళ్లూరుపేట మీదుగా. కానీ మీరు వెతుకుతున్న 'ఆదివాసుల పాత చోటు' నిజానికి అదే. పులికాట్ సరస్సుకు, సముద్రానికి మధ్య ఆ దీవి మొత్తం ఒకప్పుడు యానాదుల అడవి. తేనె, దుంపలు, చేపలు, వంటచెరుకు, మూలికలు, అన్నీ వాళ్ల చేతుల మీదుగానే బయటికి వచ్చేవి. రాకెట్ కేంద్రానికి 1969లో ఆ చోటు ఎంపికయింది, 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్, రోహిణి-125 లేచింది. ఆ లోపు కొన్ని, ఆ తర్వాత కొన్ని, వాళ్ల ఇళ్లు దీవి నుంచి ఖాళీ అయిపోయాయి. ఇప్పుడు లోపలికి ఇష్టమొచ్చినట్టు పోవడానికి లేదు. 2019లో జనం కోసం ఒక గ్యాలరీ తెరిచారు, ప్రయోగం ఉన్నప్పుడు ఆన్‌లైన్‌లో ముందుగా పేర్లు నమోదు చేసుకుంటే అక్కడ కూర్చుని రాకెట్ చూడొచ్చు. మా అబ్బాయితో నేనూ పోయాను. అందరూ ఆకాశం వైపు చూస్తుంటే నేను ఆ సరుగుడు చెట్లు, ముళ్ల కంపలు చూస్తూ కూర్చున్నాను. నా కాలనీల్లో ఒక ముసలామె పుట్టింది ఆ దీవిలోనే. "ఇప్పుడు మా ఊరి మీద నుంచి నిప్పు లేస్తా ఉంది కదమ్మా" అనేది. కోపంగా కాదు, ఆశ్చర్యంగా.

స్టేజీ మీద ఖాయంగా చూడాలి, టైముకు మొదలవ్వాలి, కుర్చీ ఉండాలి అంటే దానికీ ఒక మార్గం ఉంది. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం. ఆ రోజు నెల్లూరులో అధికారికంగా జరిపే కార్యక్రమాల్లో నృత్యాలు ఉంటాయి. పోయి చూడండి, తప్పేం లేదు. కాకపోతే ఆకుల గౌన్లు, తలకు ఈకలు, మొహానికి తెల్లచుక్కలు కనిపిస్తే అవి నాటకాల సామాన్ల కొట్లో అద్దెకు తెచ్చినవని తెలుసుకోండి. మా కాలనీల్లో ఆడినవాళ్లెవరూ ఆకులు కట్టుకోలేదు. నైలాన్ చీరలు, లుంగీలు, ఒకడికి క్రికెట్ టీషర్టు. ఒకసారి అట్లాంటి స్టేజీ వెనక మా పెంచలమ్మ ఒకతె ఆకు గౌను చూపించి, "ఇదేందమ్మా, మేకలు తినిపోతే నా గతేంది" అంది.

నల్లమల చెంచుల గురించి కూడా అడిగారు. అది నాకు తక్కువ తెలుసు, అందుకని రెండు ముక్కలే. మార్కాపురం మీదుగా దోర్నాల పోయి, శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కితే అదంతా పులుల అభయారణ్యం. రాత్రిళ్లు ఆ రోడ్డు మూసేస్తారు, చీకటి పడకముందే దాటేయండి. దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ వాళ్ల జీపు సఫారీ ఉంది. శ్రీశైలంలో చెంచులక్ష్మి పేరుతోనే గిరిజన మ్యూజియం ఉంది, పిల్లలకు బాగుంటుంది. అడవి లోపలి పెంటల్లోకి, అంటే చెంచుల గూడేల్లోకి, అటవీశాఖ అనుమతి లేకుండా పోవద్దు. ఆటో అతను తీసుకుపోతానన్నా సరే.

పెంచలకోనకు ప్రయాణం సులువే. నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు మీదుగా సుమారు 80 కిలోమీటర్లు. బస్సులు ఉన్నాయి, శనివారం జనం ఎక్కువ. దారి పొడుగునా నిమ్మతోటలే, పొదలకూరులో ఆపి ఒక సంచి కొనుక్కోండి, ఎండకు అదే మందు. మే నెలలో మా ఎండ సంగతి హైదరాబాదు ఎండతో పోల్చొద్దు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా పిల్లాణ్ని బయట తిప్పొద్దు, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు సీసాలో పెట్టుకోండి. ఇది ఏఎన్‌ఎం మాట. కోన పైన జలపాతం ఉందని ఎవరైనా చెప్తే నమ్మండి గానీ వేసవిలో పోవద్దు, చుక్క రాలదు. మాకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అది చూడాలంటే కార్తీకంలో మళ్లీ రావాలి. కోతులున్నాయి, అరటిపండ్లు చేతిలో పట్టుకుని నడవొద్దు. ఉత్సవాలప్పుడు గదులు దొరకవు. చాలామంది మొక్కుకుని గుడి దగ్గరే నిద్ర చేస్తారు, మీరూ రెండు చాపలు, దుప్పట్లు తెచ్చుకుంటే హాయి. కొత్త చెప్పులు వద్దు, పోతాయి.

టార్చిలైటు ఒకటి తెచ్చుకోండి, చెట్ల కింద రాళ్లు, వేళ్లు, అప్పుడప్పుడు తేళ్లు ఉంటాయి. పలక వినపడిన వైపు దాని వెలుగులో నడిచి వెళ్లండి. మంట కనపడగానే ఆర్పేయండి.